కాకిలెక్క

1993 ఎండాకాలం. మండల కేంద్రంలో హైస్కూలు హాలు. నలభై మంది టీచర్లు పిల్లల బల్లల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. పైన ఫ్యానుకి గాలి తక్కువ, చప్పుడు ఎక్కువ. రిసోర్స్ పర్సన్‌ని నేనే. వయసు ముప్పై మూడు. అంతకు ముందు వారమే జిల్లా కేంద్రంలో శిక్షణ పొంది, చంకలో చార్టుల చుట్ట పెట్టుకుని దిగాను. కొత్తగా ఉపదేశం పొందినవాడికుండే ఉత్సాహం నాది.

ఆ చార్టుల్లో నాకు ఎంతో ఇష్టమైంది ఒకటుంది. రాత్రంతా కూర్చుని స్కెచ్ పెన్నులతో గీసుకున్నాను. ఎడ్గార్ డేల్ అనుభవ శంకువు. అడుగున స్వయంగా చేసి నేర్చుకునే అనుభవం, కొన మీద ఉత్త మాటలు. పక్కనే నిలువుగా అంకెలు. మనిషికి చదివిందాంట్లో 10 శాతం గుర్తుంటుంది, విన్నదాంట్లో 20, చూసిందాంట్లో 30, చూస్తూ విన్నదాంట్లో 50, తాను చెప్పిందాంట్లో 70, చెబుతూ చేసిందాంట్లో 90. కర్ర పెట్టి ఒక్కొక్క అంకే చూపిస్తూ దిగుతుంటే హాలంతా పుస్తకాల్లోకి ఎక్కించుకుంటోంది.

వెనక బల్ల మీద ఒక పెద్దాయన మాత్రం రాసుకోవడం లేదు. పంచెకట్టు, జేబులో ఎర్రసిరా పెన్ను. ఆర్నెల్లలో రిటైరవుతారు. చెయ్యెత్తారు.

"బాబూ, చదివిందాంట్లో పది శాతమే గుర్తుంటుందని ఎవరు కొలిచారు?"

"అమెరికాలో పరిశోధన చేశారండీ."

"ఎవరిమీద? ఏం చదివించి? ఎన్నాళ్ల తర్వాత అడిగి?"

నాకు చెమట పట్టింది. ఆయన ఆగలేదు. "చిన్నప్పుడు నోటికి పట్టిన వేమన పద్యాలు నాకింకా వంద దాకా వచ్చు. మరి నాది ఎన్నో శాతం?"

హాలు గొల్లుమంది. "మాస్టారూ, టీ టైమైంది" అన్నాను. నలభై మందీ లేచారు. ప్రశ్న అక్కడే కూర్చుండిపోయింది.

ఆ తర్వాత పాతికేళ్లకు పైగా అదే శంకువుని ఎన్ని శిక్షణల్లో చూపించానో లెక్క లేదు. ఒక్కో శిక్షణలో నలభై మంది. ఒక్కొక్కరి చేతికింద ఏడాదికి ముప్పై నలభై మంది పిల్లలు. ఇది నా సొంత పాపాల చిట్టా కనుక నాతో పనిచేసినవాళ్ల పేర్లేవీ ఇందులో లేవు.

*

రిటైరయ్యాక, కిందటేడు, మా తమ్ముడి కూతురు టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కి చదువుతూ మా ఇంట్లో నెల రోజులుంది. ఒక సాయంత్రం కోచింగ్ నోట్సు పట్టుకుని నా దగ్గరకొచ్చింది. శంకువు! అవే మెట్లు, అవే అంకెలు. పాత స్నేహితుడు వీధిలో కనపడ్డట్టు సంబరపడ్డాను.

"పెదనాన్నా, ఇది మీరు శిక్షణల్లో చెప్పేవారటగా. ఈ శాతాలు ఎవరు లెక్కగట్టారు? నోట్సులో లేదు."

ముప్పై ఏళ్ల కిందటి ఎర్రసిరా పెన్ను మళ్లీ కళ్లముందు మెదిలింది. ఈసారి టీ టైము అనడానికి వీల్లేదు, టీ అప్పుడే తాగాం. "చూసి చెబుతానమ్మా" అన్నాను.

రిటైరైనవాడికి తీరిక తప్ప ఆస్తి ఏముంది? ఆ పిల్ల ఫోను, నా కళ్లజోడు కలిసి వారం రోజులు వెతికాం. తేలిందిది. ఎడ్గార్ డేల్ నిజమైన మనిషే, అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసరు. 1946లో శ్రవ్య దృశ్య బోధన మీద రాసిన పుస్తకంలో ఆ శంకువు గీశారు. అందులో ఒక్క అంకె కూడా లేదు. పైగా దీన్ని అక్షరాలా పట్టుకుని వేలాడొద్దని ఆయనే హెచ్చరించారు. అంకెల దారి వేరు. 1967లో ఒక శ్రవ్య దృశ్య పరికరాల పత్రికలో ట్రైక్లర్ అనే ఆయన రాసిన వ్యాసంలో కనిపిస్తాయి. ఆయన పనిచేసింది ఏ యూనివర్సిటీలోనూ కాదు, మోబిల్ చమురు కంపెనీలో. ఆ అంకెలు ఎక్కడివో ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఎవరో ప్రొఫెసరు గారి బొమ్మకి చమురాయన అంకెల్ని ముడిపెట్టేశారు. అమెరికాలోనే మెయిన్ రాష్ట్రంలో పుట్టిన ఒక శిక్షణ సంస్థ పేరుతో ఇలాంటిదే ఇంకో పిరమిడ్ తిరుగుతోంది. అసలు పరిశోధన చూపించమంటే తమ దగ్గర లేదన్నారు వాళ్లు. 2014లో నలుగురు పండితులు ఈ శంకువు పుట్టుపూర్వోత్తరాలన్నీ తవ్వి వరసగా వ్యాసాలు రాశారు. కొలత ఎక్కడా దొరకలేదు.

అసలు ఆ అంకెలు చూడగానే నాకు అనుమానం రావాల్సింది. పది, ఇరవై, ముప్పై, యాభై, డెబ్బై, తొంభై! మనిషి బుర్రని నిజంగా కొలిస్తే ఇంత గుండ్రటి అంకెలు పడతాయా? పన్నెండున్నరో, పదిహేడో ఎక్కడో ఒకచోట తగలదా? ముప్పై ఏడేళ్లు హాజరుపట్టీ రాసినవాణ్ణి. గుండ్రటి అంకె కనిపిస్తే అది కళ్లతో చూసి వేసింది కాదని నాకు తెలియనిదా?

తెలుసు. అయినా నమ్మాను. ఎందుకు నమ్మానంటే నాకు అది నచ్చింది. పిల్లల చేత చేయించాలి, నోటితో వల్లె వేయిస్తే లాభం లేదు అన్నది నేను ముందే మనసులో అనుకున్న మాట. ఆ మాటకి అంకెలు తోడొచ్చాయి. మనం ఎదురుచూస్తున్న చుట్టం తలుపు తడితే ఊరూ పేరూ అడుగుతామా? కాళ్లకి నీళ్లిస్తాం.

*

మన పల్లెల్లో ఒకప్పుడు "శాస్త్రం ఒప్పుకోదు" అంటే ఎదురు మాట ఉండేది కాదు. ఏ శాస్త్రం, ఎన్నో అధ్యాయం అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నా ఉద్యోగకాలంలో ఆ మాట స్థానంలోకి "పరిశోధనలు చెబుతున్నాయి" అన్న మాట వచ్చి కూర్చుంది. మాట మారింది, అడగకపోవడం మారలేదు.

నేను ఉద్యోగంలో చేరాక చూసిన సంస్కరణల్ని వరసగా చెబితే సంకల్పం చెప్పినట్టుంటుంది. ముందు ఆపరేషన్ బ్లాక్ బోర్డు. పెట్టెనిండా సైన్సు సామాను వచ్చింది. పగిలితే జీతంలో కోస్తారన్న భయంతో హెడ్మాస్టరు బీరువాలో పెట్టి తాళం వేశారు. తర్వాత బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో వచ్చిన ప్రాథమిక విద్యా పథకం ఏపీపీఈపీ, దాని ఆరు సూత్రాలు. వాటిలో కొన్ని: చేస్తూ నేర్చుకోవడం, జట్టు పని, పరిసరాల్ని వాడుకోవడం, పిల్లలు చేసినవాటితో తరగతి గదిని అలంకరించడం. సూత్రాలు చక్కటివి. మా బళ్లలో ఎక్కువ కాలం నిలిచింది మాత్రం ఆఖరిది. గోడ నుంచి గోడకి పురికొసలు కట్టి బొమ్మలు వేలాడదీశాం. తనిఖీకి వచ్చినవాళ్లకి ముందుగా కనపడేది అదే మరి. ఆ వెనక డీపీఈపీ, క్లిప్, క్లాప్స్ పథకాలు, స్నేహబాల కార్డులు, నిరంతర సమగ్ర మూల్యాంకనం. ప్రతిదానికీ ఒక మాడ్యూలు, ఒక బ్యాగు, అయిదు రోజుల శిక్షణ, మధ్యాహ్నం భోజనం. ప్రతిదాని మొదటి పేజీలోనూ "పరిశోధనలు చెబుతున్నాయి".

ఏ ఒక్కదాని ఆఖరి పేజీ మాత్రం నేను చూడలేదు. పథకం రావడానికి ప్రారంభోత్సవం ఉంటుంది. పోవడానికి ఏమీ ఉండదు. ఒక జూన్‌లో బడి తెరిచేసరికి పాత రిజిస్టర్లు అడగడం మానేస్తారు, కొత్త రిజిస్టర్లు అడుగుతారు. అదే పాతదానికి కర్మకాండ.

తెనాలి రామకృష్ణుడిదో బీర్బల్‌దో, చిన్నప్పుడు అందరం విన్న కథ ఒకటుంది. ఊళ్లో కాకులెన్ని అని రాజు అడిగితే, మంత్రి తడుముకోకుండా ఒక అంకె చెబుతాడు. అంతకంటే ఎక్కువుంటే? చుట్టాల కాకులు వచ్చి ఉంటాయి ప్రభూ. తక్కువుంటే? మన కాకులు చుట్టపుచూపుగా వెళ్లి ఉంటాయి. ఆ అంకెని ఎవడూ ఓడించలేడు. మా పథకాల లెక్క కూడా అచ్చం ఇంతే. మార్కులు పెరిగితే పథకం గొప్పతనం. పెరక్కపోతే టీచర్లు సరిగ్గా అమలు చేయలేదు. ఓడిపోవడానికి దారే లేని మాటలో గెలుపు ఏముందని మేం అడగలేదు. అడిగితే "మీరు సంస్కరణలకు వ్యతిరేకమా?" అనేవారు. మండల విద్యాధికారి గారి నోట ఆ మాట వినడానికి ఎవరికి ధైర్యం?

2000ల్లో ఒక శిక్షణలో పిల్లల్ని మూడు రకాలుగా విడదీయమన్నారు. చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు, కదులుతూ నేర్చుకునేవాళ్లు. ఎవరి తీరుకి తగ్గట్టు వాళ్లకి చెప్పాలన్నారు. నేను బడికొచ్చి నా రెండో తరగతిని మూడు రకాలుగా విడదీయబోయాను. పదకొండు గంటలకి చూసి నేర్చుకునే రకంలో ఉన్నవాడు మధ్యాహ్నం భోజనం తిన్నాక నిద్రపోతూ నేర్చుకునే రకంలోకి మారిపోయేవాడు. ఈ సిద్ధాంతాన్ని 2008లో పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కూలంకషంగా పరీక్షించారు. పిల్లవాడి తీరుకి తగ్గట్టు చెబితే ఎక్కువ నేర్చుకుంటాడనడానికి సరైన రుజువు లేదని తేల్చారు. అది తేలిన నాలుగేళ్లకి బ్రిటన్‌లో, నెదర్లాండ్స్‌లో టీచర్లని అడిగితే 90 శాతానికి పైగా ఆ సిద్ధాంతాన్ని ఇంకా నమ్ముతూనే ఉన్నారు. తెల్లదొరల బళ్లలోనూ టీచర్లది మా తీరే అని తెలిసి కొంత ఊరట కలిగింది. అది మంచి ఊరట కాదని నాకు తెలుసు.

*

అయితే లోకంలో అన్ని పరిశోధనలూ కాకిలెక్కలే అంటే అది ఇంకో కాకిలెక్క అవుతుంది. ఒళ్లు దాచుకోకుండా కొలిచినవాళ్లు ఉన్నారు. వాళ్ల కథలు చదివాక నా దిగులు ఇంకో దారి పట్టింది.

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో 1985లో ఒక ప్రయోగం మొదలైంది. 79 బళ్లు, 11 వేల మందికి పైగా పిల్లలు. చీటీలు వేసినట్టుగా కొందరిని 13 నుంచి 17 మంది ఉండే చిన్న తరగతుల్లో, మిగతావాళ్లని 22 నుంచి 25 మంది ఉండే మామూలు తరగతుల్లో కూర్చోబెట్టారు. నాలుగేళ్లు కనిపెట్టి చూస్తే చిన్న తరగతి పిల్లలు ముందున్నారు. ఇది గట్టి లెక్క. దీన్ని చూసి 1996లో కాలిఫోర్నియా రాష్ట్రం మూడో తరగతి దాకా తరగతికి 20 మందికి మించకుండా చూసుకునే బళ్లకి అదనంగా డబ్బిస్తానంది. ఒక్కసారిగా వేలమంది కొత్త టీచర్లు కావలసి వచ్చారు. శిక్షణ లేనివాళ్లు చేరారు. పేద వాడల బళ్లలోని అనుభవజ్ఞులు ఖాళీలు చూసుకుని మంచి వాడలకు వెళ్లిపోయారు. తర్వాత లెక్క చూసినవాళ్లలో కొందరికి చిన్న తరగతుల వల్ల మార్కులు పెరిగాయని నమ్మకంగా చెప్పగలిగిన ఆధారం దొరకలేదు. టెన్నెసీ పరిశోధన అబద్ధం కాదు. కానీ తరగతి చిన్నదైనా టీచరు మంచివాడుగానే ఉండాలన్న షరతు దాంట్లో కనపడకుండా దాగి ఉంది. కాలిఫోర్నియాకి అంకె చేరింది, షరతు దారిలో జారిపోయింది.

కెన్యాలో ఇంకో సంగతి. కాంట్రాక్టు టీచర్లని అదనంగా వేస్తే పిల్లల చదువు మెరుగవుతుందని చిన్న ప్రయోగాల్లో తేలింది. దేశమంతా పెట్టబోయే ముందు, కొన్ని బళ్లలో ఒక స్వచ్ఛంద సంస్థ చేత, కొన్నింట్లో ప్రభుత్వం చేత అదే పథకం నడిపించి చూశారు. సంస్థ నడిపిన చోట మార్కులు పెరిగాయి. ప్రభుత్వం నడిపిన చోట ఏమీ లేదు. మన పెద్దవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లేముందు హస్తవాసి చూసుకునేవారు. మాత్ర ఒకటే, చెయ్యి వేరు. పరిశోధన మాత్ర పేరు రాస్తుంది. హస్తవాసిని ఏ కాలమ్‌లో రాయాలి?

అంత దూరం ఎందుకు, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లె బళ్లకి నేను స్వయంగా వెళ్లాను. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతులూ అక్కడే. గోడ మీద నిచ్చెనలాంటి పటం, అరల్లో బొమ్మల గుర్తులతో కార్డులు. పద్మనాభరావు, రమ దంపతులు ఏళ్ల తరబడి కూర్చుని తీర్చిన పద్ధతి అది. పిల్లవాడు పటంలో తన మెట్టు చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, చాప మీద కూర్చుని పని చేసుకుంటుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ పద్ధతి స్ఫూర్తితోనే తమిళనాడు మొదట చెన్నై నగరపాలక బళ్లలో, తర్వాత రాష్ట్రమంతటా కార్డులు పెట్టింది. మాకూ అలాంటివి వచ్చాయి. ఒక ఏడాది ఆడాం. రెండో ఏడాదికి సగం కార్డులు ఎలుకలు తిన్నాయి, మిగతావి వరస తప్పాయి. కొత్తవి అడిగితే బడ్జెట్ లేదన్నారు. మా బడికి కార్డులొచ్చాయి గానీ వాటి వెనక ఏళ్ల తరబడి కూర్చున్న మనుషులు రాలేదు.

*

ఇప్పుడు నాకు చాలా సిగ్గనిపించిన సంగతి చెబుతాను. ప్రపంచంలో విద్య మీద జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లె బళ్లలోనే జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడుగా, 2005 నుంచి అయిదు జిల్లాల్లో 500 ప్రభుత్వ ప్రాథమిక బళ్లు తీసుకుని చేశారు. అమెరికా యూనివర్సిటీల్లో దాన్ని పాఠంగా చెబుతారు. అదే రాష్ట్రంలో, అదే కాలంలో చాక్‌పీసు పట్టుకున్న నాకు రిటైరయ్యేదాకా దాని పేరు తెలీదు. ఒహాయో శంకువు ఎక్కడిదో తెలియకుండానే మా ఊరికొచ్చింది. పక్క ఊళ్లో చేసిన కొలత మాత్రం మా ఊరికి రాలేదు.

అందులో ఏం తేలిందో చూడండి. పిల్లల మార్కులు ఒక మెట్టు దాటి పెరిగితే శాతానికి 500 రూపాయల లెక్కన టీచర్లకి బోనసు ఇచ్చిన చోట, రెండేళ్లకి పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ స్పష్టంగా ముందున్నారు. మా సంఘాల వాళ్లకి ఈ మాట నచ్చదు. నాకూ పూర్తిగా రుచించలేదు. ఇంకో వంద బళ్లలో ఏ పిల్లవాడు దేంట్లో వెనకబడ్డాడో వివరంగా రిపోర్టులు తయారుచేసి టీచర్ల చేతికిచ్చారు. పరిశీలకులు వెళ్లి చూస్తే ఆ టీచర్లు మిగతావాళ్ల కంటే చురుగ్గా చెబుతున్నారు. పరీక్ష పెడితే పిల్లల మార్కుల్లో తేడా లేదు! ఈ వాక్యం చదివి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. గేటు దగ్గర జీపు చప్పుడు వినగానే గొంతు పెంచని మాస్టారు మా మండలంలో ఎవరున్నారని? ముప్పై ఏడేళ్లు మేం ఆడిన నాటకాన్ని ఎవరో వచ్చి నిక్కచ్చిగా కొలిచి వెళ్లారు.

మరో చోట బళ్లకి సామగ్రి కోసం డబ్బిచ్చారు. మొదటి ఏడు చదువు మెరుగైంది. రెండో ఏడు లాభం కనపడలేదు. ఎందుకని వెతికితే, బడి ఇస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు ఇంటి నుంచి పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. కూలీకి వెళ్లే తండ్రి బడి నోటుపుస్తకాలిస్తుంటే మిగిలిన డబ్బుతో ఇంట్లో ఇంకో అవసరం తీర్చుకున్నాడు. తప్పేముంది? కానీ మొదటి ఏడాదే లెక్క చూసి జై కొట్టి వెళ్లిపోతే ఈ సంగతి బయటపడేదే కాదు. రెండో ఏడు కూడా వచ్చి చూశారు కనుక తెలిసింది.

అదే బృందం 180 పల్లెల్లో కొందరు పిల్లల్ని ఫీజు కట్టి ప్రైవేటు బళ్లకి పంపింది. నాలుగేళ్లకి తెలుగులో, లెక్కల్లో ప్రభుత్వ బడి పిల్లలతో తేడా లేదు. ఇది చెబితే ప్రభుత్వ టీచర్లం చప్పట్లు కొడతాం. అదే పరిశోధనలో తర్వాతి మాట, ఆ ఫలితాన్ని ప్రైవేటు బళ్లు మూడో వంతు కంటే తక్కువ ఖర్చుతో సాధించాయని. ఇక్కడికొచ్చేసరికి చప్పట్లు ఆగుతాయి. పరిశోధన ఒకటే. ఎవరికి కావలసిన పేజీ వాళ్లు చింపుకుని జేబులో పెట్టుకుంటారు.

కొలిచినంత మాత్రాన వింటారా అంటే అదీ అనుమానమే. మధ్యప్రదేశ్‌లో బడి నిర్వహణ మెరుగుపరిచే పథకం ఒకటి పెట్టారు. బళ్లకి గ్రేడింగు, అభివృద్ధి ప్రణాళికలు, అన్నీ పద్ధతి ప్రకారం. మురళీధరన్, అభిజిత్ సింగ్ కలిసి పరీక్షిస్తే పిల్లల చదువులో ఏ మార్పూ లేదు. కానీ కాగితాలన్నీ నిండాయి కనుక పైవాళ్లకి పథకం గెలిచినట్టే కనిపించింది. దేశంలో ఆరు లక్షలకు పైగా బళ్లకి పాకింది.

*

ఇంత గందరగోళానికి మూలం ఎక్కడుందని మా తమ్ముడి కూతురు అడిగింది. నాకు తోచిన జవాబు, మళ్లీ వెళ్లి చూసేవాళ్లు లేకపోవడం. మేకల్, ప్లకర్ అనే ఇద్దరు అమెరికన్లు 2014లో ఒక లెక్క తీశారు. విద్యా పరిశోధనలో పేరున్న వంద పత్రికలు మొదటి నుంచీ అచ్చేసిన 1,64,589 వ్యాసాలు తిరగేశారు. ఇంతకుముందు ఎవరో చేసిన ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసినవి 221. వెయ్యికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. మొదటిసారి చేసినవాళ్లే మళ్లీ చేస్తే ఫలితం నిలిచే అవకాశం ఎక్కువ, కొత్తవాళ్లు చేస్తే తక్కువ అని కూడా తేలింది. మా ఇంట్లో పాలవాడు పోసిన పాలు మా ఆవిడ మళ్లీ కొలుస్తుంది. పిల్లల చదువుని తిరగరాసే మాటల్ని వెయ్యింట ఒకసారి కొలుస్తున్నాం.

మందు వికటిస్తే రోగి మంచం పడతాడు, ఊరంతా తెలుస్తుంది. బడి పద్ధతి వికటిస్తే పిల్లవాడు చచ్చిపోడు. అయిదో తరగతిలో రెండో తరగతి పాఠం చదవలేక తలవంచుకుంటాడు. "వాడికి బుర్ర లేదండీ" అని మనం తీర్పు చెప్పేస్తాం. పద్ధతి చేసిన తప్పు పిల్లవాడి ఖాతాలో పడుతుంది. అందుకే ఎవరూ వెనక్కొచ్చి చూడరు.

ఇంతదాకా వచ్చాక, మీలాంటి అనుభవజ్ఞులు చెప్పిందే వింటే పోలా మాస్టారూ అంటారేమో. ఆ ఉచ్చులో నేను పడలేను. రోజూ ఉదయం పది మాటలు ఉక్తలేఖనం పెట్టడం నా సొంత కిటుకు. దాని వల్లే నా పిల్లలు తప్పుల్లేకుండా రాస్తారని ముప్పై ఏళ్లు మీసం మెలేశాను. ఒక ఏడాది డెప్యుటేషన్ మీద వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. నా తరగతికి వచ్చిన కొత్త టీచరమ్మ ఉక్తలేఖనం ఊసే ఎత్తలేదు, రోజూ కథలు చదివించింది. ఏడాది చివర తిరిగొచ్చి పేపర్లు దిద్దాను. తప్పులు ఎప్పుడూ ఉన్నన్నే ఉన్నాయి. నా కిటుకు నా దగ్గరున్న కాకి. అది చుట్టపుచూపుకి వెళ్లిందని సర్దిచెప్పుకోవాలనే అనిపించింది కూడా.

అంచేత ఆ అమ్మాయికి చెప్పింది ఇంతే. "రేపు డీఎస్సీలో ఉద్యోగం వస్తుంది. శిక్షణలకి పిలుస్తారు. పరిశోధనలు చెబుతున్నాయి అనగానే పెన్ను తీయకు, చెయ్యెత్తు. ఎవరు కొలిచారు? ఎక్కడ, ఎలాంటి పిల్లల్ని? మళ్లీ ఎవరైనా చూశారా? అది తప్పని తేలాలంటే ఏం జరగాలి? జవాబుంటే మనసు పెట్టి విను, నీకు నచ్చకపోయినా సరే. లేకపోతే టీ తాగి రా. నీ తరగతిలో ఏం పెట్టినా జూన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి అదే ప్రశ్న అడిగి తేడా రాసుకో. కళ్లతో చూసిందే రాయి, గుండ్రంగా ఉండకపోయినా పర్లేదు."

"టెట్‌లో ఈ శంకువు ప్రశ్న వస్తే ఏం రాయమంటారు పెదనాన్నా?"

ఒక్క నిమిషం ఆలోచించాను. "నోట్సులో ఉన్నట్టే రాయమ్మా. ముందు ఉద్యోగం రానీ" అన్నాను. అంత గొప్పవాణ్ణి నేను.

కిందటి నెల పింఛను పని మీద మండల కేంద్రానికి వెళితే, ఆ హైస్కూలు హాలు తలుపు తీసి ఉంది. లోపలికి తొంగి చూశాను. గోడలకి కొత్త రంగులు వేస్తున్నారు. నేను ఆ రోజుల్లో ముచ్చటపడి గోడ మీద వేయించిన శంకువుని పెయింటరు పాత గీతల మీదే మళ్లీ దిద్దుతున్నాడు. మెట్లు అవే. అంకెలు దాదాపు అవే. విన్నది మాత్రం 20 ఉండాల్సిన చోట 25 అయింది. పాత అంకె చెరిగిపోయి కనపడలేదట, అందాజాగా వేశాడట.

అయిదు కాకులు చుట్టపుచూపుగా వచ్చినట్టున్నాయి.